ఫొటోషాప్ 7.0 మన స్టూడియోలని ఎందుకు వదల్లేదు?

తక్కువ ఖర్చులో ఫొటో ఎడిటింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్ బెటర్ అన్నది ఈరోజు టాపిక్. పేర్లు చెప్పి ముగించేయొచ్చు. కానీ నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు స్టూడియోల్లో పాతికేళ్లుగా జరిగింది చూస్తే, మనవాళ్లు సాఫ్ట్‌వేర్‌ని రేటు చూసి ఎంచుకోలేదని అర్థమవుతుంది. మన అక్షరాలు ఎందులో సరిగ్గా పడతాయో చూసి ఎంచుకున్నారు.

ఫిల్మ్ రోజుల్లో ఎడిటింగ్ అంటే పెన్సిలే. నెగటివ్ మీద సన్నటి మొనతో మచ్చలు, ముడతలు పూడ్చేవాళ్లు. దాన్ని టచింగ్ అనేవాళ్లు. ఇంట్లో పెద్దాయన పోతే, ఏదో పెళ్లి గ్రూపు ఫొటోలోంచి ఆయన ముఖం ఒక్కటీ తీసి, ఎన్లార్జ్ చేసి, చొక్కా కాలరు చేత్తో దిద్ది, దండ వేసే ఫొటో తయారుచేసేవాళ్లు. చాలా ఇళ్లల్లో ఆయనకి అదొక్కటే ఫొటో.

అమెరికాలో థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు చేసిన ఫొటోషాప్ 1990లో మార్కెట్‌లోకొచ్చింది. మన స్టూడియోలకి మాత్రం ఫొటోషాప్ అంటే 2002లో వచ్చిన 7.0. హీలింగ్ బ్రష్ మొదట అందులోనే వచ్చింది మరి, టచింగ్ పని నిమిషాల్లోకి దిగింది. అసలు ధర 609 డాలర్లు, అంటే అప్పట్లో దాదాపు 30 వేల రూపాయలు. ఎవరు కొన్నారంటారా? నవ్వకండి. చేతులు మారిన సీడీలే ఎక్కువ.

అప్పటికే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. బర్క్‌లీలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు స్టూడెంట్స్ మొదలుపెట్టిన జింప్ 1996లోనే జనంలోకొచ్చింది. ఉచితం, చట్టబద్ధం. మరి మన దగ్గర ఎందుకు పట్టలేదు?

కోడ్ రాసి బతికినవాణ్ణి కాబట్టి ఈ భాగం నాకు మహా ఇష్టం. తెలుగులో ఒత్తు, గుణింతం కలిసి ఒక ఆకారం అవ్వాలి. యూనికోడ్‌లో ఆ కలిపే పని సాఫ్ట్‌వేరే చెయ్యాలి. ఫొటోషాప్ 7.0కి అది రాదు, 'క్ష' కొడితే ముక్కలు ముక్కలుగా పడేది. అను ఫాంట్స్ దీనికి దొడ్డిదారి కనిపెట్టాయి. ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చాయి. కంప్యూటర్ ఇంగ్లీషే అనుకుంటుంది, మనకి తెలుగు కనిపిస్తుంది. శుభలేఖ, ఫ్లెక్సీ, కరిజ్మా ఆల్బమ్ మీద పేర్లు అన్నీ ఇలాగే నడిచాయి. ఆల్బమ్ డిజైన్లు కూడా పీఎస్‌డీ ఫైల్స్‌గా డీవీడీల్లో అమ్మేవాళ్లు. మిర్చి యార్డు డబ్బులు చేతికొచ్చి పెళ్లిళ్లు ఊపందుకునే వేసవిలో, రాత్రికి ఆల్బమ్ ఇవ్వాల్సిన మనిషి కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటూ కూర్చోడు.

తమాషా ఏంటంటే, 2004లో వచ్చిన జింప్ 2.0 పాంగో అనే లైబ్రరీతో మన యూనికోడ్ అక్షరాల్ని కలపగలిగేది. కానీ ఫ్లెక్సీకి సరిపోయే అందమైన యూనికోడ్ ఫాంట్లు లేవు. మండలి, గిడుగు, రామభద్ర లాంటివి సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా అందేసరికి దాదాపు పదేళ్లు గడిచిపోయాయి. 2013లో అడోబీ కొత్త వెర్షన్లని నెలవారీ చందాకి మార్చింది. పాత సీడీ వాడేవాళ్లకి అది ఇంకో సాకు.

ఆ తర్వాత పని ఫోన్‌లోకొచ్చేసింది. 2016లో జియో వచ్చాక పుట్టినరోజు పోస్టర్లు పిక్సెల్‌ల్యాబ్‌లో పీఎల్‌పీ ఫైల్స్‌తో మొదలయ్యాయి. అక్కడ కూడా యూనికోడ్‌ని అనులోకి మార్చి అతికించేవాళ్లు కనిపిస్తారు! దొడ్డిదారి ఇంకా మూసుకుపోలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. వెలుతురు, రంగు, చిన్న మచ్చలకి స్నాప్‌సీడ్ చాలు. గూగుల్‌ది, ఉచితం, యాడ్స్ లేవు. బ్యాంకు పరీక్షకి ఫొటో 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలంటే మాత్రం ఫొటోపీ తెరవండి. ఇవాన్ కుత్స్‌కిర్ అనే ఒక్క డెవలపర్ చేసిన సైట్ అది, బ్రౌజర్‌లోనే పీఎస్‌డీలు కూడా తెరుస్తుంది. సేవ్ చేసేటప్పుడు క్వాలిటీ తగ్గిస్తుంటే ఫైల్ సైజు కనిపిస్తుంది. కంప్యూటర్ ఉంటే జింప్ నేర్చుకోండి. మొదటివారం చిరాకు తెప్పిస్తుంది, నిజం.

పాత ఫొటోల విషయంలో ఒక్కమాట. ఒక్క నొక్కుతో ముఖం క్లియర్ చేసే ఏఐ యాప్స్ లేని వివరాల్ని ఊహించి గీస్తాయి. చర్మం మెరుస్తుంది, కళ్లు మాత్రం ఇంకెవరివో. పాత టచింగ్ ఆయన కాలరు దిద్దాడు గానీ, తాతయ్య ముఖాన్ని మార్చలేదు. గీతలు, మరకలు అయితే జింప్‌లో హీల్ టూల్‌తో ఒక్కొక్కటే తీయండి. ముఖం మసకగా ఉంటే అలాగే వదిలేయండి. ఏం చేసినా, ముందు స్కాన్ చేసిన ఒరిజినల్‌ని వేరే ఫోల్డర్‌లో దాచి, కాపీ మీద పనిచెయ్యండి. అయ్యాక నాయనమ్మకి రెండూ చూపించండి.