బహ్రెయిన్‌లో సర్వర్ తొలిరోజు

యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేశాక అడ్మిన్ చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది: సొంత యూజర్ ఖాతా తెరవడం, దూరం నుంచి లాగిన్ అయ్యే దారిని భద్రం చేయడం, అప్‌డేట్లు వేయడం, అక్కర్లేని సర్వీసులు ఆపడం, గడియారమూ భాషా సరిచేయడం. బహ్రెయిన్ రాజధాని మనామాలోనైనా హైదరాబాద్‌లోనైనా వరస ఇదే. ఇందులో ప్రతి పనీ ఒకప్పటి అవసరం నుంచో, తగిలిన దెబ్బ నుంచో పుట్టింది. బహ్రెయిన్‌లో గడియారం పనికి ఆ దేశ చరిత్ర కూడా తోడైంది.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌లో సర్వాధికారాలూ రూట్ ఖాతావే. రూట్‌గా ఒక్క తప్పు ఆదేశం ఇస్తే డిస్కంతా ఖాళీ కావచ్చు. ఆ పాస్‌వర్డ్ నలుగురికీ తెలిసి ఉంటే తప్పు ఎవరిదో తేలదు. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలోలో, న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో తయారైన సుడో ఈ రెండు చిక్కులకూ విరుగుడైంది. అడ్మిన్ సొంత ఖాతాలో ఉంటూనే, అవసరమైన ఆదేశానికి మాత్రం రూట్ అధికారం తీసుకుంటారు. ఎవరు ఏం చేశారో లాగ్‌లో నమోదవుతుంది.

బటెల్కో సంస్థ బహ్రెయిన్ ప్రజలకు ఇంటర్నెట్ అందించిన 1995లోనే ఫిన్లాండ్‌లో టాటూ యులోనెన్, దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌ను విడుదల చేశారు. అంతవరకూ వాడిన టెల్నెట్‌లో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా నెట్‌వర్క్‌లో వెళ్లేది. ఆయన విశ్వవిద్యాలయంలో ఎవరో అలా పాస్‌వర్డ్లు కాజేయడంతో ఆ ప్రోగ్రామ్ పుట్టింది. ఇప్పుడు పాస్‌వర్డ్ స్థానంలో రహస్య, బహిరంగ కీల జత వాడతారు. పాస్‌వర్డ్ లాగిన్‌ను ఆపే ముందు కీతో మరోసారి లాగిన్ అయి చూసుకోవాలి. లేకపోతే అడ్మినే బయట చిక్కుకుపోతారు.

1988 నవంబర్ 2న తనంతట తానే వ్యాపించే మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ సెండ్‌మెయిల్, ఫింగర్ సర్వీసుల్లోని లోపాల గుండా వేలాది యంత్రాల్లోకి చొరబడింది. అప్‌డేట్లు వెంటనే వేయాలనీ, వాడని సర్వీసులు ఆపాలనీ ఆ ఘటన గట్టిగా నేర్పింది.

యూనిక్స్ గడియారం 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను లెక్కిస్తుంది. దాన్ని స్థానిక సమయంగా మార్చేది టైమ్‌జోన్ పట్టిక. అందులో ‘ఏషియా/బహ్రెయిన్’ ఎంచుకుంటే ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకి మూడు గంటలు కలుస్తాయి. 1971 ఆగస్టు 15న బహ్రెయిన్‌కు స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ తేడా నాలుగు గంటలు. 1972 జూన్‌లో మూడుకు తగ్గినట్టు పట్టికలో ఉంది. అందుకే ‘మూడు గంటలు’ అని చేత్తో రాయకుండా పేరుతోనే ఎంచుకోవాలి. అప్పుడే పాత తేదీలూ సరిగ్గా వస్తాయి. 2006 సెప్టెంబర్ 1 నుంచి వారాంతపు సెలవులు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మారాయి. వారాంతపు బ్యాకప్‌ను, పనులను నిర్ణీత సమయాలకు నడిపే క్రాన్‌లో పెట్టేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

భాష విషయంలో యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. 1992లో థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన ఈ పద్ధతిలో అరబిక్, ఇంగ్లీష్, తెలుగు పేర్లు ఒకే ఫైల్లో ఇముడుతాయి.

2019 జూలై చివర్లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ మధ్యప్రాచ్యంలో తన తొలి రీజియన్‌ను, అంటే డేటా సెంటర్ల సముదాయాన్ని, బహ్రెయిన్‌లో తెరిచింది. అక్కడ లినక్స్ సర్వర్ తెరిస్తే సుడో ఖాతా, కీ లాగిన్ ముందే సిద్ధంగా ఉంటాయి. మిగతా పనులు అడ్మిన్‌వే. అదే ఏడాది ఆగస్టు 1న బహ్రెయిన్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. వ్యక్తుల సమాచారాన్ని కాపాడే సాంకేతిక ఏర్పాట్లు చేయడం దాని ప్రకారం తప్పనిసరి. అలా వృత్తిలో ఆనవాయితీగా సాగిన తొలిరోజు జాగ్రత్తలు చట్టపరమైన బాధ్యతలో భాగమయ్యాయి.