బాగేపల్లి వామపక్ష రాజకీయాలు
కర్ణాటకలో చిక్కబళ్ళాపురం జిల్లాకు చెందిన బాగేపల్లి, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న శాసనసభ నియోజకవర్గం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం ఇక్కడి వాడుక. గుడిబండ తాలూకా కూడా ఇందులోనిదే. పెద్ద పార్టీల పోరులో మూడో పక్షం నలిగిపోతుందన్న మాట ఇక్కడ పలుమార్లు తప్పింది. సీపీఎం తరఫున ఎ.వి. అప్పస్వామిరెడ్డి 1983లో, జి.వి. శ్రీరామరెడ్డి 1994లో, 2004లో గెలిచారు. 2018లో శ్రీరామరెడ్డి 51 వేలకు పైగా ఓట్లతో రెండో స్థానంలో నిలిచారు. ఆయన 2022లో కన్నుమూశారు.

సీపీఎం బలానికి మూలం ఇక్కడి మెట్టనేలే. ఏడాది పొడుగునా పారే నది లేదు. చిత్రావతి వానొస్తేనే పారుతుంది. బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్ళలో ఫ్లోరైడు. దానివల్ల పళ్ళ మీద గోధుమరంగు చారలు, వంగిన మోకాళ్ళు ఊళ్ళలో కనిపించే సంగతులే. రైతుల, కూలీల సమస్యలే ఎర్రజెండాకు ఊపిరి.

మూడో పక్షానికి ఓట్లు ఎన్ని వచ్చాయన్నదే కాదు, ఎక్కడ వచ్చాయన్నదీ ముఖ్యమే. అమెరికాలో సోషలిస్టు యూజీన్ డెబ్స్ 1912 అధ్యక్ష ఎన్నికల్లో సుమారు 9 లక్షల ఓట్లు, అంటే 6 శాతం తెచ్చుకున్నా ఒక్క రాష్ట్రమూ గెలవలేదు. ఓట్లు దేశమంతా చెదిరాయి. బాగేపల్లిలో అవి ఒక్కచోట కూడాయి. పద్ధతి రెండుచోట్లా ఇంచుమించు ఒకటే: అక్కడ రాష్ట్రంలో, ఇక్కడ నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారిదే గెలుపు. అదే పద్ధతిలో బాగేపల్లిలో 2013లో స్వతంత్రుడిగా నెగ్గిన ఎస్.ఎన్. సుబ్బారెడ్డి 2018లో, 2023లో కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు.