కారు నెత్తిన డేరా

రూఫ్‌టాప్ టెంట్ అనగానే ఇప్పుడు కళ్లముందు కదిలేది ఒకటే బొమ్మ: బురద కొట్టుకున్న జీపు, చుట్టూ ఎడారో అడవో, పైన విచ్చుకున్న ఖరీదైన డేరా. అమ్మేవాళ్లు టెంటుతో పాటు ఆ బొమ్మనీ అమ్ముతారు. దాంతో తక్కువ ధరలో ఒకటి కొనుక్కుందామనుకునే మనిషికి, అసలు సరుకు అందక నాసిరకంతో సరిపెట్టుకుంటున్నానన్న చిన్నతనం పట్టుకుంటుంది. ఈ వస్తువు చరిత్ర చూస్తే వరస తలకిందులుగా కనిపిస్తుంది. ఇది పెరిగింది చిన్న కార్లవాళ్ల దగ్గర. సాహసయాత్రల వేషం తరవాత కట్టింది.

కారులో బయల్దేరి దారిలో గుడారం వేసుకునే అలవాటు అమెరికాలో ఫోర్డ్ మోడల్ టీతో జనంలోకి వచ్చింది. 1908లో 850 డాలర్లున్న ఆ కారు 1920ల నడిమికి 300 డాలర్ల లోపుకి దిగింది. హెన్రీ ఫోర్డ్, ఎడిసన్, ఫైర్‌స్టోన్ కలిసి వంటవాళ్లని వెంటేసుకుని అడవులకెళ్లి పత్రికలకెక్కింది ఆ రోజుల్లోనే. కానీ 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో ‘టిన్ కాన్ టూరిస్ట్స్’ అని సంఘం పెట్టుకున్నవాళ్లు మామూలు మనుషులు. వాళ్ల గుడారం కారు పక్కన ఉండేది, పైన కాదు. పైన పడుకుందామంటే అక్కడ ఏముంది గనక? మోడల్ టీ టూరింగ్ కారుకి ఉన్నది మడిచే గుడ్డ టాపు. అద్దాలు బిగించిన మూత కార్లకి కూడా చాలాకాలం కప్పు నడిమి భాగం గుడ్డే. కప్పంతా ఒకే ఉక్కు రేకుగా అచ్చుకొట్టడం జనరల్ మోటార్స్ తన 1935 మోడళ్లతో పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. అంటే ఈ టెంటు కథలో సగం కారు కప్పు కథే.

నెత్తిన టెంటు మొదట ఎవరు పెట్టారన్న తగువులోకి దిగను. ఇటలీకి చెందిన ఆటోహోమ్ సంస్థ తన లెక్కని 1958లో వచ్చిన ‘ఎయిర్ క్యాంపింగ్’ నుంచి చెప్పుకుంటుంది. అప్పటి ఇటలీ రోడ్ల మీద ఏ కార్లుండేవో చూడండి. 1955లో వచ్చిన ఫియట్ 600 పొడవు మూడు మీటర్ల చిల్లర, ఇంజను 633 సీసీ. నలుగురు ఎక్కితే డిక్కీలో టెంటుకే కాదు, సంచికి కూడా చోటుండదు. పడకకి మిగిలిన జాగా కప్పొక్కటే. కారున్నవాళ్లు అప్పట్లో పేదలేం కాదని ఎవరైనా అనవచ్చు, నిజమే. అయితే డబ్బు దండిగా ఉన్నవాడు హోటలుకి వెళ్తాడు, లేదా వెనక ట్రైలర్ తగిలించుకుంటాడు. కప్పు మీదికి నిచ్చెనెక్కేవాడు, కారు కొనగలిగి ఆ రెండూ భరించలేని మధ్యతరగతి మనిషి.

ఈ వాదనకి అంతకంటే గట్టి సాక్ష్యం తూర్పు జర్మనీలో ఉంది. అక్కడి చిన్న కారు ట్రబాంట్ 601 ఇంజను బలం 26 హార్స్‌పవర్. ఆ కారుకోసం పేరు రాయించుకుని పదేళ్లకి పైగా కాచుకోవడం అక్కడ మామూలు. బజాజ్ స్కూటర్‌కి బుక్ చేసుకుని ఏళ్ల తరబడి కూర్చున్న మన తరానికి వింతగా తోచదు. పశ్చిమానికి వెళ్లే దారి మూసేశారు. సెలవులకి బాల్టిక్ తీరమో, హంగరీలో బాలటన్ సరస్సో గతి. సాక్సనీలోని లింబాఖ్-ఓబర్‌ఫ్రోనాకి చెందిన గెర్హార్డ్ ముల్లర్ ఆ కారుకే డాక్‌జెల్ట్, అంటే కప్పు టెంటు, తయారుచేశాడు. వినడానికి తమాషాగా ఉంటుంది, ఎందుకంటే ట్రబాంట్ కప్పు రేకు ఉక్కు కూడా కాదు. పనికిరాని పత్తిని రెసిన్‌తో కలిపి అచ్చుపోసిన డ్యూరోప్లాస్ట్. మరి మనుషుల బరువు ఎవరు మోస్తారు? లోపలి అస్థిపంజరం ఉక్కుది. కప్పు అంచున, తలుపుల మీదుగా వాన నీళ్లు జారే గాడి ఒకటి ఉంటుంది. క్యారియర్ కొక్కేలు ఆ గాడిని పట్టుకుంటే బరువు రేకు మీద పడకుండా ఉక్కు చట్రంలోకి దిగుతుంది. 26 హార్స్‌పవర్ కారు మీద కుదిరిన పని సాహసికుల సొత్తని ఎలా అనగలం?

ఆ గాడి మనకీ తెలుసు. అంబాసిడర్ మీద, ఫియట్ 1100 వంశానికే చెందిన ప్రీమియర్ పద్మిని మీద హోల్డాల్‌లు, ట్రంకుపెట్టెలు కట్టిన క్యారియర్ పట్టు దానిమీదే. మనవాళ్లు పైన సామాను కట్టారు గాని పక్క వెయ్యలేదు. ఊరు చేరితే చుట్టాలిల్లో సత్రమో ఉండేది. తరవాత కార్లు నున్నబడి గాడి మాయమైంది. ఒక్కో మోడల్‌కి వేరే కొక్కేలు, వేరే అడ్డకడ్డీలు కావాల్సొచ్చాయి. చవక టెంటు చూసి మురిసినవాడి జేబుకి కన్నం పడేది ఇక్కడే.

ఆఫ్రికాలో టెంటు జంతువుల భయానికేగా కప్పెక్కింది, అది సాహసయాత్ర కాదా అంటారు. అవసరం నిజమే. ల్యాండ్ రోవర్ మీద గతుకుల దారుల్లో నెలల తరబడి తిరిగేదాన్ని బరువుగా, గట్టిగా కట్టాలి, ధరా దానికి తగ్గట్టే ఉంటుంది. ఆ ధరకి మురిపెం తోడైంది తరవాతి మాట. 2018లో స్వీడన్ సంస్థ థూలే అమెరికా టెంట్ల కంపెనీ టెపుయ్‌ని కొనేనాటికి ఇది పెద్ద వ్యాపారం. తారు రోడ్డు మీద శని, ఆదివారాలు తిరిగి వచ్చేవాడు ఆ గట్టిదనానికి డబ్బు కట్టడం దండగ అని నా అభిప్రాయం.

చవకది ప్రమాదం కాదా అన్న ప్రశ్నని మాత్రం తోసెయ్యలేం. కదిలే కారు కప్పు మోయగల బరువు వేరు, నిలిపిన కారుది వేరు. బ్రేకు కొట్టినప్పుడు, మలుపు తిరిగినప్పుడు పైబరువు కారుని లాగుతుంది; ఆగాక అదే బరువు తిన్నగా స్తంభాల్లోకి దిగుతుంది. కారుతో ఇచ్చే పుస్తకంలో సాధారణంగా రాసుండేది మొదటి అంకె, చాలా చిన్న కార్లకి 50 నుంచి 75 కిలోలు. ఇద్దరు పట్టే గుడ్డ టెంటే 50 కిలోల చుట్టుపక్కల తూగుతుంది, పైన కడ్డీల బరువు. ఫైబర్ పెంకు టెంటు తరచు అంతకంటే ఎక్కువ. పైగా అచ్చుల ఖర్చు కొనేవాడి నెత్తినే. మడత టెంటులో ఉన్నది రెండు పలకలు, మధ్య కీలు, గుడ్డ, బయటికి చాచిన సగాన్ని మోసే నిచ్చెన. ధర తగ్గేది పని తగ్గినందుకు, భద్రత తగ్గినందుకు కాదు. కక్కుర్తి పడకూడనిది కీలు దగ్గర, కుట్ల దగ్గర, కడ్డీల దగ్గర. పరుపు పలచనైతే ఇంకోటి వేసుకోవచ్చు.

నేల మీద వేసే టెంటు ఇందులో కొద్ది వంతు ధరకే వస్తుందంటే జవాబు లేదు. డిక్కీలో చోటు, పడుకోవడానికి చదును నేల రెండూ ఉన్నవాడు అదే కొనుక్కోవాలి. ఆ రెండిట్లో ఒకటి కరువైనవాడు టెంట్ల ధరలు చూడకముందు కారు పుస్తకం తీసి కప్పు బరువు దగ్గర వేలుపెట్టి, అందులోంచి కడ్డీల బరువు తీసేసి చూసుకోవాలి. మిగిలిన అంకె నలభైకి దిగితే, ఎంత చవకగా వచ్చినా ఆ కారుకి ఇద్దరి టెంటు కుదరదు.