ఒక చిన్న సరస్సు జమాఖర్చు

జీవము జీవమునకు ఆహారమను మాట మనకు క్రొత్తది కాదు. గడ్డిని మిడుత తినును, మిడుతను కప్ప తినును, కప్పను పాము మ్రింగును. ఇంతవరకు పల్లెలోని పసిపిల్లవాడును చెప్పగలడు. 1927లో ఆంగ్లేయుడగు చార్లెస్ ఎల్టన్ ఈ ఆహారశృంఖలమును శాస్త్రరీతిని వివరించి, పై మెట్టునకు పోయినకొలది ప్రాణుల సంఖ్య తగ్గునని చూపెను. కాని యది తలల లెక్క. తిన్నదానిలోని శక్తి యెంత పైకి చేరును, ఎంత నడుమ పోవును అను ప్రశ్నకు అందు సమాధానము లేదు.

ఆ లెక్కకు పూనుకొన్నవాడు రేమండ్ లిండెమన్. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున సెడార్ బాగ్ అను చిన్న సరస్సు కలదు. లోతు లేనిది, క్రమముగా పూడిపోవుచున్నది. విద్యార్థిదశలోనే యతడు ఐదేండ్లపాటు దాని నాచును, నీటిపురుగులను, అడుగు బురదను పరీక్షించెను. భార్య ఎలినార్ ఆ శ్రమలో పాలు పంచుకొనెను. శాస్త్రచరిత్రలలో ఇట్టి భార్యల పేళ్లు తరచుగా కనబడవు గనుక ఇక్కడ చెప్పుచున్నాను.

అతడు తేల్చిన జమాఖర్చు ఇది. చదరపు సెంటీమీటరు నీటిపై ఏటికి పడిన సూర్యశక్తి 1,18,872 కాలరీలు. అందు నాచును, నీటిమొక్కలును పట్టుకొన్నది 111.3. వానిని తిను ప్రాణులకు చేరినది 14.8. ఆ ప్రాణులను తినువానికి దక్కినది 3.1. లక్ష రూపాయల రాబడిలో చివరివాని చేతికి మూడు రూపాయలైనను అందని సంసారమన్నమాట! తక్కినది నశింపలేదు. కొంత జీవుల శ్వాసలో వేడియై పోయెను. కొంత తినబడకయే కుళ్లి సూక్ష్మజీవుల పాలయ్యెను. కొంత బురదలో నిలిచెను. పదార్థము మరల మరల వాడుకకు వచ్చును గాని, వేడియై పోయిన శక్తి ఆ జీవులకు మరలి రాదు. అడవిలో లేళ్లున్నన్ని పులులు ఏల యుండవో దీనివలన తెలియును.

1941లో లిండెమన్ యేల్ విశ్వవిద్యాలయమునకు పోయి, హచిన్సన్ పండితుని యొద్ద చేరి, తన వ్యాసమును ‘ఇకాలజీ’ పత్రికకు పంపెను. దానిని పరిశీలించిన వెల్చ్, జూడే అను పెద్దలిరువురును త్రోసిపుచ్చిరి. సిద్ధాంతము హెచ్చు, ఆధారము తక్కువ, ఇంకను అనేక సరస్సులను కొలువవలెనని వారి వాదము. ఆ వాదము బొత్తిగా నిస్సారము కాదు. అయితే, అదే వ్యాసములో మెండోటా సరస్సును గూర్చిన లెక్కకు ఆధారము 1940లో జూడే ప్రకటించిన అంకెలే! పోగుచేసినవాడు అంకెలనే చూచెను. యువకుడు వానిలోని సంబంధమును చూచెను. పెద్దల ముద్ర పడనిదే క్రొత్తమాట చెల్లదను కట్టుబాటు మన దేశముననే కలదని తలచువారు దీనిని గమనింతురు గాక. హచిన్సన్ పట్టుబట్టి వాదించెను. సంపాదకుడు థామస్ పార్క్ పరిశీలకుల మాటను కాదని, సవరించిన వ్యాసమును స్వీకరించెను. అది 1942 అక్టోబరులో వెలువడెను. లిండెమన్ దానిని అచ్చులో చూడలేదు. అంతకుముందే, జూను 29న, 27 యేండ్లు నిండకయే అతడు కాలేయవ్యాధిచే మరణించెను.

మన పాఠ్యపుస్తకములలో ప్రతి మెట్టునను పదవవంతు మిగులునని సూత్రముగా వల్లెవేయింతురు. సెడార్ బాగ్ లెక్కలో ఒక మెట్టున నూటికి 13, పై మెట్టున 20కి పైగా కలదు. మెండోటాలో అవియే 8.7, 5.5. నా విద్యార్థులచేత ఆ సూత్రము క్రిందనే ఈ నాలుగంకెలను వ్రాయింతును.