సొంత పొలంలో మట్టి తవ్వినా అనుమతి ఉండాల్సిందేనా?

ఉండాల్సిందే. ఇళ్లు, రోడ్లు, కట్టల మెరకకు వాడే మట్టిని కేంద్రం 2000 ఫిబ్రవరి 3న చిన్న తరహా ఖనిజాల్లో చేర్చింది. మెరక కోసం మట్టి అమ్మాలంటే పట్టా ఒక్కటే చాలదు. గనుల శాఖ అనుమతి తీసుకుని సీనరేజీ కట్టాలి.

ఎక్కడ అడగాలి?
2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. మీ భూమి ఉన్న జిల్లా గనుల శాఖనే సంప్రదించండి.

అనుమతి లేకపోతే?
1957 నాటి గనులు, ఖనిజాల చట్టం సెక్షన్ 21 ప్రకారం ఐదేళ్ల వరకు జైలు, హెక్టారుకు రూ.5 లక్షల వరకు జరిమానా పడొచ్చు. వాహనాలు, యంత్రాలనూ స్వాధీనం చేసుకుంటారు.

తవ్వాక నేల సంగతేంటి?
తవ్వకం ముగిశాక ఆ నేలలో గడ్డి, మొక్కలు పెరిగేలా చేయాలన్న షరతును గనుల లీజుల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఆదేశించింది. డెల్టా పొలంలో గుంత మిగిలితే నీళ్లు నిలుస్తాయి, పైమట్టి పోతే పంట దెబ్బతింటుంది. ఎంత లోతు తవ్వుతారో, పైమట్టిని తిరిగి ఎవరు పరుస్తారో టిప్పర్ రాకముందే కాగితం మీద రాయించుకోండి.

మట్టి కొంటున్నారా? లోడుతో వచ్చిన పర్మిట్ అడిగి చూడండి.