మోడు చిగురించును, అడవి చిగురించునా?

దివిసీమలో సముద్రమువైపు పోవుచున్నచో నాగాయలంక, కోడూరు దాటిన తరువాత వరిపొలములు ముగిసి ఉప్పునేల ప్రారంభమగును. అక్కడ పోటుపాటుల నడుమ పెరుగునది మడ అడవి. తీరవాసులు తరతరములుగా వంటచెరకునకు, కంచెలకు, పాకల రాటలకు ఈ అడవినే ఆశ్రయించిరి. ఇట్టిచోట గొడ్డలి పట్టువాడు మొదట నేర్వవలసినది గొడ్డలి విసరుట కాదు. ఏ చెట్టును నరికిన మరల చిగురించును, ఏది చచ్చును అను సంగతి.

మడచెట్టును, తిల్లచెట్టును మొదలు విడిచి నరికినచో మోడు చిగురించును. పక్కనే ఊతవేళ్లపై నిలిచియుండు ఉప్పుపొన్నను నరికినచో అది చచ్చును. పొలముగట్టు మీది తాడిచెట్టు గతియు అంతే.

ఈ భేదమునకు కారణమేమి? చెట్టు కొనలో పుట్టు ఆక్సిన్ అను పదార్థము కిందికి దిగుచు, బెరడు కింద నిద్రించు మొగ్గలను అణచియుంచును. కొనను నరుకగానే ఈ అణచివేత తొలగును. వేళ్లలో నిలువయున్న పిండిపదార్థము మొగ్గలకు ఆహారమగును. పెద్ద వేళ్లన్నియు కొద్ది కొమ్మలనే పోషించుటచే అవి విత్తనపు మొక్కకంటె త్వరగా, నిటారుగా పెరుగును. ఉప్పుపొన్న ముదురు కాండములో ఇట్టి సజీవమైన మొగ్గలుండవు. తాటికి సాధారణముగా పెరుగుమొగ్గ ఒక్కటే. అదియు తలలోనే ఉన్నది. కనుక తల పోయిన తాడి బ్రతుకదు.

మోడు బ్రతుకవలెనన్న నరకుటలో నేర్పు కావలెను. గొడ్డలి పదునుగా ఉండవలెను. బెరడు చీలరాదు. నీరు నిలువకుండ కోత కొంచెము ఏటవాలుగా ఉండవలెను. లేతచిగుళ్లను గేదెలు, మేకలు మేయకుండ కాపాడవలెను. మడ ఆకు పశువులకు ప్రీతికరమైన మేత గనుక ఈ కాపుదల మరింత అవసరము.

పచ్చికర్రను పనిచేయుట కూడ ఒక విద్యయే. నీరు నిండిన కర్ర ఉలికి, బాడిసెకు మెత్తగా లొంగును. గుడివాడకు ఈశాన్యమున నున్న కొల్లేటిలో వాడిన తాటిదోనె దీనికి చక్కని ఉదాహరణము. తాటి మొదట వెలుపలిభాగము గట్టి, లోపలిది మెత్తన. మెత్తని భాగమును తొలిచివేసినచో గట్టిభాగమే దోనె అగును.

కాని సాధారణముగా కర్రలో తేమ సుమారు 30 శాతమునకు తగ్గిన పిమ్మట అది కుంచించుకొనుట ప్రారంభించును. వలయముల వెంబడి కుంచించుకొనుట, కేంద్రము నుండి బెరడువైపు కుంచించుకొనుటకు సుమారు రెండింతలు. అందుచేతనే కర్ర పగులును, వంకరపోవును. మచిలీపట్నమునకు చేరువనున్న పెడనలో కలంకారీ అచ్చులకు బాగుగా ఆరిన టేకును వాడుటకు కారణమిదియే. అచ్చు వెంట్రుకవాసి వంగినను బట్టమీది పువ్వు చెడును.

మోడునుండి కర్రను రాబట్టు విద్య ప్రాచీనమైనది. ఇంగ్లండులోని సోమర్సెట్ చిత్తడినేలలో 1970లో ఒక కర్రబాట బయటపడినది. అది క్రీ.పూ. 3806 ప్రాంతమున నిర్మితమైనట్లు కర్రల వలయములే తెలిపినవి. దానిలోని నిటారు కర్రలు కొన్ని మోడుచిగుళ్లనుండి వచ్చినవని పండితులు భావించిరి.

మన దేశమున 1864లో అడవుల శాఖ ఏర్పడెను. మద్రాసు ప్రెసిడెన్సీకి 1882లో అటవీ చట్టము వచ్చెను. అడవిని కూపులుగా విభజించి, వంతులవారీగా నరికి, మోళ్లు మరల పెరుగువరకు వేచియుండు పద్ధతి వ్యాపించినది. మెట్టభూములలో ఇది చాలచోట్ల ఫలించినది. మడ అడవిలో మాత్రము లెక్క తప్పినది.

తమిళనాడులో చిదంబరమునకు సమీపమున నున్న పిచ్చావరం మడ అడవిలో శాస్త్రజ్ఞులు దీనికి కారణమును కనుగొనిరి. కూపు మొత్తము నరికినచో నేలపై ఎండ సూటిగా పడును. తేమ ఆవిరియై నేల కుంగి పళ్లెమువలె పల్లమగును. పోటునీరు లోనికి వచ్చును గాని తిరిగి పోలేదు. అది ఎండి ఉప్పు పేరుకొనును. అప్పుడు మోడును చిగురించదు, విత్తును మొలకెత్తదు.

కృష్ణాతీరమున దీనికి మరికొన్ని కష్టములు తోడైనవి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. అంతటి ఉప్పెనను ఏ అడవియు పూర్తిగా ఆపలేదు. అయినను దట్టమైన మడ అలల బలమును తగ్గించును, గట్టును నిలుపును. అటు పిమ్మట రొయ్యల చెరువులు వ్యాపించినవి. చెరువు త్రవ్వువాడు మోడును గూడ వేళ్లతో పెకలించును. ఇక చిగురించుటకు మిగులునదేమి? 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యము ఏర్పడినది. మడ అడవులను రొయ్యల చెరువులుగా మార్చరాదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

1990ల చివరినుండి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, తీరగ్రామముల ప్రజలు కలసి కృష్ణా, గోదావరి తీరములలో ఈ పాడునేలలను బాగుచేయ మొదలిడిరి. నడుమ ఒక పెద్దకాలువ, ఇరుపక్కల పిల్లకాలువలు, చేపముల్లు ఆకారమున త్రవ్విరి. నిలిచిన ఉప్పునీరు పోయి, పోటుపాటులు మరల సాగినవి. ఆ గట్లపై నాటిన మడమొక్కలు నాటుకొన్నవి.

ఒక చెట్టు మోడులో మరల చెట్టగు శక్తి దాగియున్నది. ఆ శక్తి పనిచేయుటకు దాని చుట్టునున్న నీరు, నేల, నీడ కూడ మిగిలియుండవలెను. పూర్వము గొడ్డలి పట్టినవాడు చెట్టును ఎరిగిన చాలునేమో. నేటివాడు అడవిని గూడ ఎరుగవలెను.