రంగు నుంచి కరెంటు దాకా: ఉద్దానానికి కావలసిన ఓ కొలత

ఒకప్పుడు ఉద్దానం అనగానే కొబ్బరి, జీడిమామిడి గుర్తొచ్చేవి. ఇప్పుడు కిడ్నీ జబ్బు గుర్తొస్తోంది. 2019లో అచ్చయిన ఓ సర్వేలో అక్కడ దాదాపు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్నట్టు తేలింది. వాళ్ళలో ఎక్కువమందికి షుగరు లాంటి మామూలు కారణాలు కనబడలేదు. అసలు కారణమేంటో ఇప్పటికీ తేలలేదు.

కారణం తెలియనప్పుడు మన చేతిలో మిగిలేది ఒక్కటే, ముందుగా పట్టుకోవడం. దానికి రక్తంలో క్రియాటినిన్ కొలవాలి. ఆ కొలతకో పెద్ద కథే ఉంది, అందులో మన తెలుగాయన కూడా ఉన్నారు.

1886లో జర్మనీలో మాక్స్ జాఫే, క్షారంలో పిక్రిక్ ఆమ్లం కలిపితే క్రియాటినిన్ ఎర్రబడుతుందని కనిపెట్టాడు. 1904లో ఆటో ఫోలిన్ ఆ రంగు చిక్కదనాన్ని బట్టి ఎంతుందో లెక్కకట్టే పద్ధతి తెచ్చాడు. తర్వాత హార్వర్డ్‌లో ఆయన నడిపిన విభాగంలోనే భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పనిచేశారు. ఫిస్కేతో కలిసి 1925లో రంగుతోనే ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇచ్చారు, 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని బయటపెట్టారు. ఈ క్రియాటినిన్ అనేది దాన్నుంచే తయారయ్యే వ్యర్థం!

రంగు చూడాలంటే ల్యాబు కావాలి. 1962లో లీలాండ్ క్లార్క్ ఎంజైముని ఎలక్ట్రోడ్‌కి జతచేసే దారి చూపించాడు. అక్కణ్ణుంచి రంగు బదులు కరెంటు కొలవొచ్చు. అయితే క్రియాటినిన్ ఎలక్ట్రోడ్ దగ్గర తనంతట తాను సులువుగా స్పందించదు. అందుకే 1983లో మూడు ఎంజైముల గొలుసు కట్టి, చివర్న వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని కొలిచారు. 1990లో ఆండ్రియాస్ మాన్జ్ మొత్తం ల్యాబుని సన్నటి కాలవలున్న చిప్పులోకి కుదించాలన్నాడు. అదే మైక్రోఫ్లూయిడిక్స్, ఒక చుక్క రక్తం చాలు.

ఇలాంటి చేతి పరికరాలు మార్కెట్లో ఎప్పట్నుంచో ఉన్నాయి. కానీ పరీక్షకో కార్ట్రిడ్జి పారెయ్యాలి. అది చవగ్గా ఉంటే తప్ప పల్లెకి చేరదు.

2014లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో జేమ్స్ టూర్ బృందం ఓ తమాషా చేసింది. పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ పొర మీద మామూలు కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో గీస్తే, మిగతావి వాయువులుగా పోయి గీత మేర గ్రాఫీన్ నురగ మిగిలింది. కరెంటు పారే బొగ్గు గీత అన్నమాట. ఆకారం మార్చాలంటే ఫైలు మార్చి మళ్ళీ గీయడమే. హైదరాబాదు శివార్లలోని బిట్స్ పిలానీ క్యాంపస్‌లో సంకేత్ గోయల్ బృందం ఇలాంటి ఎలక్ట్రోడ్లతో మైక్రోఫ్లూయిడిక్ పరికరాలు చేస్తోంది.

ఇంతకీ చవక ఎందుకంత ముఖ్యం? కిడ్నీ పని దాదాపు సగం పడిపోయేదాకా క్రియాటినిన్ పెద్దగా పెరగదు. పైగా తేడా మూడు నెలలు పైబడి ఉంటేనే దీర్ఘకాలిక వ్యాధి అంటారు. అంటే ఒక్క మెడికల్ క్యాంపు చాలదు, మళ్ళీ మళ్ళీ కొలవాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, మంచిదే. కానీ ఇచ్ఛాపురం మండలం డొంకూరులో ఉండే మత్స్యకారుడికి, ఒంట్లో ఏ బాధా లేనప్పుడు పలాస వెళ్ళి రావడమంటే ఓ రోజు వేట పోయినట్టే. బాధ తెలిశాక వెళితే ఆలస్యమైనట్టే. కొలతే ఆ ఊరికి వెళ్ళాలి.

లేజర్ గీత ఒక్కటే దీన్ని సాధించదు. సముద్రపు ఉక్కలో ఎంజైము పాడవకూడదు, చిప్పు చెప్పే అంకె ల్యాబు అంకెతో వందలమంది రక్తంలో సరిపోవాలి, మూడు నెలల కిందటి అంకె పక్కనే కనబడాలి. పరిశోధన పత్రానికీ పల్లెకీ మధ్య మిగిలిన పని ఇదే. డెమోకీ ప్రొడక్షన్‌కీ ఎంత దూరమో మనకి ఒకరు చెప్పాలా?